మాటలు తీసేసిన పాట

నూటికి నూరుపాళ్లు తర్కబద్ధంగా ఆలోచించి నిండా మునిగిన అనుభవం మీకుందా? నాకుంది. అప్పట్లో హైటెక్ సిటీ మొత్తంలో నా అంతటి హేతువాది లేడని ఒక అభిప్రాయం ఉండేది. ఆ అభిప్రాయం నా ఒక్కడిదే. ఆ మహానుభావుడు ఒక పాటల బృందాన్ని స్వహస్తాలతో ఎలా ముంచాడో వినండి.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. రాక్ అండ్ రోల్ పుట్టిన కొత్తలో అమెరికా కుర్రాళ్లు నలుగురేసి ఒకే మైకు చుట్టూ నిలబడి, ఒకరు పాడుతుంటే మిగిలినవాళ్లు "డూ వా, డూ వా" అంటూ నోటితోనే డప్పూ గిటారూ పలికించేవారు. ఆ రికార్డులు విని నాకు పూనకం వచ్చింది. (పూనకాలను నేను నమ్మను, వేరే మాట దొరకలేదు.) ఆఫీసులో ముగ్గురిని పోగుచేశాను. భీమవరం ప్రసాద్‌ది బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. కడప ఓబులరెడ్డి చిటికెల నిపుణుడు. అసలు పాట పాడేది ఇక్కడి గోపన్‌పల్లిలోనే పుట్టిన స్వరూప. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, కార్ల మధ్య సాధన చేసేవాళ్లం. అక్కడ దగ్గినా కచేరీలాగే వినిపించేది.

కంపెనీ వార్షికోత్సవానికి స్వరూప సొంతంగా పాట కట్టింది: "జొన్నచేను ఉన్నకాడ లిఫ్టు లేచెనమ్మా, ఏ అంతస్తుల దిగితె మా ఇల్లు దొరుకునమ్మా."

వినగానే నా ఒళ్లు ఝల్లుమంది. ప్రసాద్‌కి మాత్రం చెమట పట్టింది. ఈ సమయంలో ఇలాంటి పాటేమిటండీ, ఆఫీసు రెండుగా చీలిపోతుంది అన్నాడు. చీలితే చీలనీ అన్నాడు ఓబులరెడ్డి, తను ఏ ముక్కలో ఉంటాడో చెప్పకుండా. అప్పుడు నేను ఒక కారుకి ఆనుకుని ఉపన్యాసం అందుకున్నాను. గొడవకు మూలం మాటలు. మాటలు తీసేస్తే గొడవ ఉండదు. శబ్దానికి జిల్లా లేదు. కాబట్టి పాటంతా "డూ వా, డూ వా" అని పాడదాం. తలనొప్పి తగ్గడానికి తల తీసేసే వైద్యుడు కూడా నన్ను చూసి సిగ్గుపడేవాడు.

"అన్నా, ఇగ నేనెందుకు?" అంది స్వరూప.

"రాగం నీదేగా," అన్నాను ఉదారంగా.

వార్షికోత్సవం రోజు నలుగురం మెరిసే ఎర్రకోట్లు తొడుక్కుని ప్రసాద్ కారెక్కాం. దారిలో వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తింటూ నిరసన తెలుపుతున్నారు. ప్రసాద్ అద్దాలు బిగించి, ఎవరూ నోరు విప్పవద్దని వేడుకున్నాడు. విప్పితే ఊరు తెలిసిపోతుందట. ఇంతలో నిరసనకారుల్లోంచి ఒక లాయరు నల్లకోటుతోనే వచ్చి అద్దం తట్టాడు. మా వేషాలు చూసి పెళ్లి బ్యాండా అని అడిగాడు. కాదు, గాయకులమని నేను నోరు జారాను.

"అయితే ఒకటి పాడి పొండ్రి," అన్నాడు.

దిగి, నాకు తెలిసిన తర్కమంతా రంగరించి డూ వా పాడాం. అన్నం కలుపుతున్న గరిటెలు ఆగిపోయాయి. జనం మా చుట్టూ దగ్గరగా జరిగారు.

"మాటలేవి?" అన్నాడు లాయరు.

"లేవండీ. ఎవరికీ నొప్పి కలగకూడదని తీసేశాం."

"ఎవరి మాటలు తీసేసిన్రు?"

ఎన్నో చర్చల్లో ఎందరినో మట్టికరిపించిన నేను కోటు బొత్తాలు సరిచూసుకున్నాను. ప్రసాద్ నా కోటు అంచు పట్టుకున్నాడు.

"నావి," అంది స్వరూప.

లాయరు నన్ను మనిషిగా కూడా లెక్కచేయలేదు. "గయే పాడు చెల్లె," అన్నాడు.

పాడింది. రెండో చరణానికి రోడ్డంతా అందుకుంది. పాట అడుగున ఏదో గంభీరంగా మోగుతోందని చూస్తే, ప్రసాద్. కళ్లు మూసుకుని, భయం మరచి స్వరం కలుపుతున్నాడు. ఓబులరెడ్డి చిటికెలకు పిల్లలు గెంతుతున్నారు. అలవాటు కొద్దీ నేనూ డూ వా అన్నాను. పక్కనున్న పెద్దాయన, "జర ఊకుంటవా?" అన్నాడు.

తరువాత మాకు దారి ఇచ్చారు. స్వరూప మాత్రం కదల్లేదు. "మీరు పోండ్రి అన్నా, నా పాట ఈడ నడుస్తున్నది," అంది.

ముగ్గురమే వేదికెక్కాం. వీరోచితంగా డూ వా పాడి ముగించి, తలలు వంచి నమస్కరించాం. వ్యాఖ్యాత నా చెవిలో మర్యాదగా అడిగింది: "సార్, మైక్ టెస్టింగ్ అయిందా? పాట మొదలుపెడతారా?"

దేవుడి మీద ఒట్టు వేసే సౌకర్యం నాకు లేదు గనుక, నా పరువు సాక్షిగా, అందులో మిగిలినంత మేరకు, ప్రతిజ్ఞ చేస్తున్నాను: సామరస్యం పేరుతో ఇక ఎవరి మాటా కొట్టేయను. కొట్టేయక తప్పకపోతే నాదే ముందు కొట్టేస్తాను.

ఇక మీ వంతు. గొడవెందుకులే అని ఎవరి చేత మాట మింగించారో, వాళ్లకు ఇప్పుడే ఫోన్ చేయండి. ఆ రోజు చెప్పబోయింది చెప్పమనండి. వాళ్లు ముగించేదాకా వినండి.