గరుకు వీపు పాములు

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట కింద రేకుల గదిలో ఉండే ఖాసీంకి పాములంటే భయం లేదు. మనుషులంటేనే భయం. గది ముందు ఎవరైనా ఆగితే ముందు నాలుగడుగులు లోపలికి జరిగి, ఆ తర్వాత ఎవరని అడిగేవాడు. అరవై దాటిన మనిషి. చిరిగిన వలలు బాగుచేయడం ఆయన పని. భార్య ఉమ్మే కుల్సుమ్ పెళ్లయిన మూడో ఏడే జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. మళ్లీ పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

నేను ఇక్కడి ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. పేరు నర్మద. తుర్కయాంజాల్ నుంచి రోజూ ఆటోలో వచ్చి పోతాను. ఇరవై ఏళ్లుగా పాముల పాఠం చెబుతున్నా ఒక్కసారీ బతికున్న పామును ముట్టుకోలేదు. పుస్తకంలో పాము కరవదు కదా, ధైర్యంగానే చెప్పేదాన్ని.

పోయిన ఏడు ఫిబ్రవరిలో మా కాలేజీ వెనక గడ్డిలో పిల్లలు ఒక పామును చంపి, కవర్లో వేసుకుని లాబ్‌కి తెచ్చారు. రక్తపింజర అని వాళ్లు, విషం లేని నీరుకట్టు అని నేను. ఒక్కడూ నా మాట నమ్మలేదు. మా అటెండర్ స్వామి మాత్రం చెరువు కట్ట కింద ఖాసీం ఉన్నాడని, చేత్తో తడిమి ఏ పామో చెబుతాడని అన్నాడు. అంతలోనే, అయినా ఆయన మాట మీద ఆధారపడకండి అని కూడా అన్నాడు. పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడటంలో స్వామిని మించినవాడు మా కాలేజీలో లేడు.

కవరు పట్టుకుని పోయాను. ఖాసీం పామును ఒళ్లో పరుచుకుని, మెడ నుంచి తోక దాకా బొటనవేలు నడిపించాడు. తర్వాత పొట్ట మీద అరచెయ్యి పెట్టాడు.

"నీరుకట్టు" అన్నాడు. "కడుపుల గుడ్లున్నయ్. ఊకెనే చంపిన్రు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. రోడ్డు మీద తాడు కనబడినా రాయి ఎత్తే మనుషులం మనం. చేపలూ కప్పలూ తిని బతికే ఈ అమాయకపు ప్రాణిని చంపి, పెద్ద వీరుల్లా ఫోన్లో ఫొటోలు దిగుతాం.

ఆ రోజు నుంచి వారానికోసారి కట్ట కిందికి పోయేదాన్ని. మా శాస్త్రం సంగతి చెబితే ఖాసీం నవ్వేవాడు. నాకు పాఠం చెప్పిన గురువు నోట్సులో ఈ నీరుకట్టు నాట్రిక్స్ అనే ప్రజాతిలో ఉండేది. నేను చదివిన పుస్తకంలో జెనోక్రోఫిస్ అయింది. ఇప్పుడు ఫౌలియా అంటున్నారు. పసుపు చారల గడ్డిపాము, పచ్చ గడ్డిపాము కూడా ఒకప్పుడు ఆ నాట్రిక్స్ ఇంట్లోనే ఉండేవి. అన్నదమ్ములు వేరుపడ్డట్టు తలా ఒక ప్రజాతికి వెళ్లిపోయాయి. అసలు నాట్రిక్స్ అనే పేరు ఇప్పుడు యూరప్ వైపు గడ్డిపాములకే మిగిలింది. ఇదంతా విని, ఇన్ని పేర్లు మార్చినా పాము చెరువు మారలేదు కదా మేడమ్ అన్నాడు ఖాసీం.

ఆయన పని నేను కళ్లారా చూసింది జూలైలో. లింగస్వామి అనే చేపలాయన వల భుజాన వేసుకుని వచ్చాడు. అందులో మూరెడు పొడవు నీరుకట్టు చిక్కుకుని బుసకొడుతోంది. ఇంకెవరైనా అయితే వలతో పాటే బండకేసి కొట్టేవారు. ఖాసీం దాని మీద చెంబెడు నీళ్లు పోశాడు. తోక పట్టి వెనక్కి లాగలేదు. ఈ పాముల వీపు మీద ఒక్కో పొలుసుకీ మధ్యలో సన్నటి గట్టు ఉంటుంది. వెనక్కి లాగితే పొలుసులు దారానికి తట్టుకుని లేస్తాయి, చర్మం చీరుకుపోతుంది. అందుకని తల ముందరి దారాలు ఒక్కొక్కటే కత్తిరించి, పాము దానంతటది ముందుకు పాకిపోయేలా దారి చేశాడు. కత్తిరిస్తున్నంతసేపూ ఆయన ముఖం చెరువు వైపే ఉంది. ఎంత అలవాటైన చెయ్యో అని నేను మురిసిపోయాను. చదువుకున్నదాన్ని కదా, ఎదురుగా ఉన్నది కనబడదు.

పోతూ పోతూ పాము ఆయన మణికట్టు మీద కరిచింది. రక్తం కారింది. లుంగీ అంచుతో తుడుచుకుని ఖాసీం గట్టిగా నవ్వాడు. ఆయన అట్లా నవ్వడం నేను అదొక్కసారే చూశాను.

"దీనికి కోపం మస్తు, ఇసం లేదు. మా బుగ్గన్న లెక్క" అన్నాడు.

అని, ఠక్కున నోరు మూసుకున్నాడు. లింగస్వామి వల తీసుకుని తలొంచుకుని వెళ్లిపోయాడు. బుగ్గన్న ఎవరని నేను అడిగాను. ఖాసీం టీ పెట్టి, నాకొక గ్లాసు ఇచ్చి, తన గ్లాసు చల్లారిపోయాక మొదలుపెట్టాడు.

బుగ్గన్న అంటే బుగ్గయ్య, చేపలు పట్టేవాడు. ముప్పై ఏళ్లు వీళ్లిద్దరిదీ ఒకటే పని. ఆయన వల విసిరితే ఈయన బాగుచేసేవాడు. చెరువు ఎండిన ఏళ్లలో చుట్టుపక్కల కుంటలన్నీ కలిసి తిరిగారు. ఉమ్మే కుల్సుమ్ పోయిన తర్వాత బుగ్గయ్య భార్య ఈదమ్మ ఏ పూటా ఖాసీంని పస్తు ఉంచలేదు. రంజాన్ నెలలో తెల్లవారుజామున లేచి అన్నం వండి పంపేదట. అంతకన్నా చుట్టరికం ఏముంటుంది?

ఖాసీం పాములను రెండు రకాలుగా చూసేవాడు, గరుకు వీపువి, నున్న వీపువి. గరుకువి నీళ్లలోవి, గడ్డిలోవి, ఏమీ చెయ్యవు. నాగుపాము నున్నగా ఉంటుంది, కట్లపాము నున్నగా ఉంటుంది, వాటితోనే జాగ్రత్త. వలల్లో చిక్కినవాటిని చూసీ తడిమీ నేర్చుకున్న లెక్క ఇది. కళ్లు బాగున్నన్నాళ్లు ఆ లెక్కకి ఢోకా రాలేదు, ఎందుకంటే వేళ్ల కన్నా ముందు కళ్లు చూసేవి.

తర్వాత రెండు కళ్లకీ పొర వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. కళ్లు కనబడని మనిషికి వలలు ఎవరు తెచ్చిస్తారని భయం. ఆపరేషన్ అంటే ఇంకా భయం. వేళ్లున్నాయి కదా అని సరిపెట్టుకున్నాడు. రెండేళ్లు అట్లాగే గడిచాయి.

నాలుగేళ్ల కింద వినాయక నిమజ్జనం రోజు. కట్ట మీద లారీలు, డీజే డబ్బాలు. మనిషి మాట మనిషికి వినబడటం లేదు. కట్ట కింద కుప్ప పోసిన వలలో ఏదో కదిలిందని ఖాసీం రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి వీపు తడిమాడు. గరుగ్గా ఉంది. నీరుకట్టే, నువ్వు పట్టు, నేను ముందు దారం కత్తిరిస్తా అని బుగ్గయ్య చెవిలో అరిచాడు. బుగ్గయ్య చెయ్యి పెట్టాడు.

అది రక్తపింజర. దాని బుస డీజే మోతలో కలిసిపోయింది.

చావు తప్పింది. పట్నం దవాఖానలో ఇరవై రోజులున్నాడు. కుడిచేతి బొటనవేలు, పక్కన రెండు వేళ్లు తీసేశారు. వల విసిరే చెయ్యి అది. ఊరు ఊరుకుంటుందా? పాములతో పుట్టి పెరిగినవాడికి ఒళ్లంతా మచ్చలున్న రక్తపింజర కనబడలేదా, కావాలనే చెయ్యి పెట్టించాడు అన్నారు. ఖాసీం దవాఖాన గేటు దాకా పోయి, లోపలికి పోలేక తిరిగొచ్చాడు. ఆ తర్వాత బుగ్గయ్య ఇంటి వైపే పోలేదు. బుగ్గయ్య నుంచీ మాట లేదు. వలలు తెచ్చేవాళ్లు తగ్గారు. బొంగులూరు వైపు ఇళ్ల వెంచర్లవాళ్లు చిరిగిన షటిల్ నెట్లు తెచ్చిస్తే అవీ కుట్టాడు. నాలుగేళ్లు ఆ గదిలో ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, ఒక్కడే దగ్గాడు.

"నా వేళ్లు నన్ను మోసం జేసినయ్ మేడమ్" అన్నాడు. "గంత నున్నటి పాము నాకు గరుకెట్ల తాకింది?"

గ్లాసు కింద పెట్టాను. రక్తపింజర వీపు నున్నగా ఉండదని, నీరుకట్టు కన్నా ఇంకా గరుకని, ప్రతి పొలుసు మీదా గట్టి గట్టు ఉంటుందని చెప్పాను. మా పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న సంగతి. ఈ ఊళ్లోనే ఇరవై ఏళ్లుగా నల్లబోర్డు మీద రాస్తున్న సంగతి. కట్ట దిగి వచ్చి ఒక్కరికీ చెప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని వచ్చాను.

ఖాసీం తన వేళ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్లు తప్పు చెప్పలేదని తెలిసింది. తప్పు ఎవరిదో కూడా తెలిసింది. కళ్లు పోయిన సంగతి దాచినవాడిది. చివరికి, నన్ను బుగ్గన్న ఇంటికి తోలుకపో మేడమ్ అన్నాడు. ఆ ఇంట్లో తనను మళ్లీ మనిషిగా చూస్తారా, గడప దగ్గరే తరిమేస్తారా, అదొక్కటే ఇక ఆయనకు మిగిలిన ప్రశ్న. ఏదైనా కానీ, జరిగింది తన నోటితో చెప్పే రావాలి అన్నాడు.

ఆదివారం పొద్దున పోయాం. నా భుజం పట్టుకుని నడిచాడు. బుగ్గయ్య అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. పక్కనే ఈదమ్మ. మమ్మల్ని చూసి ఆమె లేవలేదు, రమ్మనలేదు, మొహం గోడ వైపు తిప్పుకుంది. ఖాసీం వాకిట్లోనే నిలబడి చెప్పాడు. ఆ రోజుకే కళ్లు పోయాయని, పామును చూడలేదని, తడిమి చెప్పానని, భయపడి ఇన్నేళ్లు దాచానని. ఒక్క సాకు కూడా చెప్పలేదు. రక్తపింజర గరుకు సంగతి నేను చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

బుగ్గయ్య చిక్కుడుకాయ కింద పెట్టాడు.

"నీకు కండ్లు కనవడ్తలేవని నాకెర్కనే ఖాసీం భాయ్. గప్పటికి రెండేండ్ల సంది ఎర్క. నీకు కనవడక ఇడిచిపెట్టిన చిరుగులు ఇంటికి తెచ్చి నేను, ఈదమ్మ కట్టుకునేటోళ్లం. నువ్వే చెప్తవని సూసిన."

ఎరుకుండి మరి చెయ్యెందుకు పెట్టినవని ఖాసీం అడిగాడు.

"నువ్వు నీరుకట్టే అన్నవ్. నేను వంగి సూసిననుకో, నీ మాట మీద నమ్మకం లేదని నీకు తెలుస్తది. గందుకే సూడలే."

నా జీవితంలో అంత పెద్ద మర్యాద ఎవరూ ఎవరికీ చెయ్యగా చూడలేదు. అంత పిచ్చి మర్యాద కూడా చూడలేదు.

"చెయ్యి పాయె. దాని ఫికర్ నాకు లేదు" అన్నాడు బుగ్గయ్య. "నాలుగేండ్లు నువ్వు రాలే. గా పని ఏ పాము జేసింది?"

బుగ్గయ్య మళ్లీ చిక్కుడుకాయ తీసుకున్నాడు, కానీ ఒలవలేదు. ఇగ పో, ఎండ అయితాంది అన్నాడు, ఖాసీంతో కాదు, నేలతో. ఖాసీం తల ఊపి వెనక్కి తిరిగాడు. నా భుజం మీద ఆయన చెయ్యి చాలా బరువుగా ఉంది.

సందు చివరి దాకా వచ్చాం. అక్కడ ఆగి, మెల్లగా అడిగాడు.

"మేడమ్, బుగ్గన్న ఏడ్చిండా?"

ఏడ్చాడు. మాట్లాడుతున్నంతసేపూ ఏడ్చాడు. గడ్డం మీదుగా చొక్కా మీదికి కారుతుంటే మిగిలిన వేళ్లతో తుడుచుకోను కూడా లేదు. ఖాసీంకి కనబడదని తెలిసే అట్లా ఏడ్చాడు. ఆ సంగతి దాచడమే మర్యాద అనిపించింది ఒక్క క్షణం. దాచి దాచి ఈ ఇద్దరూ ఏమైపోయారో ఇప్పుడే చూసి వచ్చాను.

ఏడ్చాడని చెప్పాను.

ఖాసీం నా భుజం మీద నుంచి చెయ్యి తీశాడు. నేను పట్టుకోబోతే వద్దన్నాడు. గోడ తడుముకుంటూ, కాలవ రాయి తట్టుకుని ఒకసారి తూలి, మళ్లీ నిలదొక్కుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. అరుగు ముందు ఆగి, ఏమీ అడగకుండా ఎక్కి కూర్చున్నాడు. ఈదమ్మ లేచి లోపలికి పోయింది. ఎందుకు పోయిందో నాకు తెలియదు. బుగ్గయ్య చిక్కుడుకాయల చేట తీసి ఇద్దరి మధ్యన పెట్టాడు.

అక్కడ నాతో పనిలేదు. సాగర్ రోడ్డు దాకా నడిచి తుర్కయాంజాల్ ఆటో ఎక్కాను.