మా చెరువు కింద సముద్రం

ఆ వేసవిలో కొల్లేరు ఎండి నెర్రెలిచ్చింది. పెదపాడు దగ్గర మా చేపల చెరువులో నీళ్లు మోకాలి లోతుకు తగ్గాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. కాలువకు నీళ్లు రాలేదు. చివరికి మావారు గట్టు మీద బోరు వేయించారు.

మధ్యాహ్నానికి గొట్టంలోంచి నల్లటి బురద, దాంతోపాటు తెల్లటి గవ్వలు వచ్చాయి. వెనకే నీళ్లు దూకాయి. నేను సంతోషంతో దోసిలి పట్టి తాగబోయి, వెంటనే ఉమ్మేశాను.

"ఏవండీ, ఆపించండి! ఒట్టి ఉప్పండీ! చెరువులోకి వదిలితే ఒక్క చేప మిగలదు."

ఆయన కూడా రుచి చూసి, మోటారు కట్టేశారు. ఇక చేసేదేమీ లేక ఇద్దరం గట్టు మీద కూర్చుండిపోయాం. సాయంత్రానికి, ఆ కాస్త నీళ్లలో ఊపిరాడక చచ్చిన చేపలతో చెరువంతా తెల్లబడింది.

మర్నాడు తాడేపల్లిగూడెంలో భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పే మా మరిది వచ్చాడు. "ఇవి సముద్రపు గవ్వలు వదినా. వేల ఏళ్ల కిందట ఇక్కడిదాకా సముద్రమే ఉండేది. తర్వాత వెనక్కి వెళ్లింది కానీ, దాని ఉప్పునీళ్లు నేల కింద మిగిలిపోయాయి" అన్నాడు.

"మళ్లీ వస్తుందంటావా?" అని మావారు అడిగారు.

"రావచ్చు అన్నయ్యా" అన్నాడు మరిది.

ఇప్పటికీ అక్కడే చేపలు పెంచుతున్నాం. మాకు వేరే చోటు లేదు. సముద్రం ఎక్కడో దూరాన ఉందనుకుని ఇన్నేళ్లు బతికాను. అది మా కాళ్ల కిందే ఉందని తెలిశాక, ఆ గట్టు మీద ధైర్యంగా నిలబడలేకపోతున్నాను.