బాన కాదప్పా, బండ

కొత్త బానలో తొలిమంట వేసినప్పుడు ఒక వాసన వస్తుంది. వానకు మన్ను తడిసిన వాసనలాంటిదని ఎరగనివాళ్లు అంటుంటారు గానీ, అది కాదు. ఇది తడి లోపలినుంచి బయటికి పోయే వాసన. కొంచెం ఊక, కొంచెం బూడిద, చివర కాస్త చేదు. ఇవాళ పొద్దున మైదుకూరు రోడ్డు పక్కన మా కొట్టు ముందర గుప్పెడు ఎండుపుల్లలు వెలిగించి కూర్చున్నానో లేదో ఆ వాసన ముక్కుకు తగిలింది. వంగి కూర్చున్నదాన్ని వెంటనే నడుం నిటారు చేసుకున్నాను. కుళ్లాయమ్మ పెద్దమ్మ పోయి రెండేళ్లయింది. అయినా ఆ వాసన వస్తే, వెనక నిలబడి "పుల్లలు తగ్గీ మే, అది ఇంకా పసిది" అని గదమాయిస్తుందేమోనని నాకిప్పటికీ బెరుకు.

కడప జిల్లాలో చలిమంట కోసం పొయ్యి కొనుక్కునేవాళ్లు కూడా ఉంటారా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఇక్కడి మెట్టచేల మీదినుంచి వచ్చే గాలిలో ఒక గంట కూర్చుని ఆ తర్వాత మాట్లాడండి. దాబాలవాళ్లు, తోటల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఫోనులో ఒక బొమ్మ పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి రావడం మొదలుపెట్టారు. పెద్ద పొట్ట, పొట్టకు ముందర ఒక నోరు, నెత్తిన పొడుగాటి మెడ. మంట పొట్టలో, పొగ మెడలోంచి పైకి. ఎక్కడో పరదేశంలో దాన్ని చిమినియా అంటారట. పెద్దమ్మకు ఆ పేరుకు నోరు తిరగలేదు, తిప్పుకోవాలని ఆమె అనుకోనూ లేదు. లాంతరు మీది గాజు చిమ్నీ గుర్తొచ్చి "సిమ్నీ బాన" అంది. ఈ చుట్టుపక్కల ఇప్పుడు దాని పేరు అదే.

కుళ్లాయమ్మ కుమ్మరి ఇంటి కోడలు, నాకు పిలుపుకే పెద్దమ్మ. మొగుడు పోయాక ఇంట్లో చక్రం తిప్పే మనిషి లేకుండా పోయాడు. ఆమె చక్రం దగ్గర కూర్చోబోతే, ఆడది చక్రం ముట్టడమేమిటని కులపెద్దలు ఇంటిమీదికి వచ్చారు. ఆమె వాళ్లతో గొడవ పడలేదు. "ముట్టొద్దంటే ముట్టనులేప్పా. మన్ను ముట్టొచ్చు గదా?" అని అడిగింది. ముట్టొచ్చన్నారు. ఆ మరుసటి రోజునుంచి మన్నును తాళ్లలా పేని, ఒకదాని మీద ఒకటి చుట్టి, లోపల రాయి ఆనించి బయట చెక్కతో తట్టి, చక్రం మీద ఎవరికీ రానంత పెద్ద బానలు చేత్తోనే లేపింది. వద్దన్న పెద్దమనుషులే తర్వాత ధాన్యం పోసుకోవడానికి వచ్చి కొనుక్కుపోయారు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆమె నవ్వే నవ్వు నాకెంత ఇష్టమో చెప్పలేను.

నేను ఆమె దగ్గర చేరింది డిగ్రీ అయ్యాక. మా నాయన కడప బండలు పాలిష్ చేసే మనిషి. చదువయిపోయి ఇంట్లో అందరితో పోట్లాడుతూ కూర్చున్న నన్ను చూసి పెద్దమ్మే మా గడపలోకి వచ్చింది. "మస్తానన్నా, నీ కూతురికి నోరు శానా ఎక్కువని ఈదంతా చెప్పుకుంటాండారు. నాకు అట్లాంటి నోరే కావల్ల. నేను మన్నుతో మాట్లాడతా, ఆ పాప మనుషులతో మాట్లాడతాది" అంది. నాలో అందరూ తప్పుపట్టినదాన్నే కావాలని అడిగిన మొదటి మనిషి ఆమె. నేను ఆ పూటే చెప్పులేసుకుని బయలుదేరాను.

మొదటి వారంలోనే ఒక పెద్దమనిషి వచ్చి, పూలూ తీగలూ రంగులేసిన సన్నటి బాన ఒకటి చూసి ముచ్చటపడ్డాడు. నేను సంబరంగా తలూపబోతుంటే పెద్దమ్మ అడ్డం వచ్చింది. "ఏలు మడిచి కొట్టి చూడప్పా" అంది. ఆయన కొట్టాడు. చప్పుడు మొద్దుగా, లోపలే అణిగిపోయినట్టు వచ్చింది. పక్కనున్న రంగులేని బానను కొట్టమంది. అది ఖంగుమంది. "నచ్చింది కాదు, పలికింది తీసకపో. రంగు కింద చీలిక దాక్కుంటాది, చప్పుడు కాడ దాక్కోల్యాదు. గోడ బొటనేలంత మందం ఉండల్ల. మెడ పొడుగ్గా ఉండల్ల, ల్యాకపోతే పొగంతా నీ మొగాన్నే. కింద కూర్చునే కాడ ఊగకూడదు" అంది. ఆయన మొహం మాడ్చుకుని మరీ పలికినదాన్నే తీసుకుపోయాడు. ఆయన వెళ్లగానే రంగుల బానను ఆమె కాలితో ఒక్క తన్ను తన్ని పగలగొట్టింది. అంత అందమైన వస్తువును అలా చేస్తుందని నేను అనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది.

మంట గురించి కొన్నవాళ్లకు చెప్పాల్సినవి నాకు కంఠతా పట్టించింది. పొట్టలో మూడో వంతు ఇసుక పోయాలి. మొదటి అయిదారు రోజులు గుప్పెడు పుల్లలతో చిన్నమంటే వేయాలి, అది పూర్తిగా చల్లారాకే మరో మంట. కట్టెలు పొట్టివి, ఎండినవి, నోట్లోంచి బయటికి రాకూడదు. తుమ్మకట్టె మంచిది, కందికంప వద్దు, రవ్వలు లేస్తాయి. పెట్రోలు, కిరసనాయిలు దగ్గరికే తేవద్దు. బోదగడ్డి కప్పు కింద, షేడ్ నెట్ కింద, చెట్టు కింద, గోడకు ఆనించి పెట్టొద్దు. తలుపులు మూసిన గదిలో అసలే వద్దు. ఇక నీళ్ల సంగతి. మన ఆడవాళ్లకు పొయ్యి ఆర్పేటప్పుడు నీళ్లు చిలకరించి బొగ్గులు మిగుల్చుకోవడం చేతికి పట్టిన అలవాటు. కాలుతున్న బాన మీద నీళ్లు చల్లితే నిలువునా చీలుతుంది. దాన్ని దానంతట అదే ఆరనివ్వాలి. ఇదంతా నేను ఒక్క ఊపిరిలో అప్పజెప్పేదాన్ని.

బైపాసు దగ్గర దాబా నడిపే సుబ్బరాయుడన్నకు కూడా అలాగే అప్పజెప్పాను. ఆయన ఓపికగా విని, "ఇంగేమన్నా ఉండాదామ్మా చెప్పేది?" అని అడిగాడు. "అంతేనన్నా" అన్నాను. నెల తిరక్కుండానే ఒక పొద్దున ఆ దాబాలో ఢామ్మని చప్పుడైంది. బాన పక్కన చలి కాచుకుంటున్న టీ మాస్టరు బాషా పిక్క చీరుకుపోయి కుట్లు పడ్డాయి. మధ్యాహ్నానికల్లా ఊరంతా ఒకటే మాట, కుళ్లాయమ్మ బాన పేలిందంట. సాయంత్రం వేంపల్లెవాళ్లు తాము కొన్న రెండు బానలు ఆటోలో తెచ్చి కొట్టు ముందర దింపి వెళ్లిపోయారు. బద్వేలునుంచి చేయమన్నవాళ్లు వద్దని ఫోను చేశారు. ఆమెకు ఆ చేతిపని తప్ప మరో ఆధారం లేదు. ఆ పనికి ఆమె పేరు తప్ప మరో బోర్డు లేదు. అది పోతే కుళ్లాయమ్మకు మిగిలేదేమీ లేదు.

ఆమె నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "సుబ్బరాయుడికి ఏమేం చెప్పినావు? వరసగా చెప్పు" అంది. చెప్పాను. "యాడ పెట్టొద్దని చెప్పినావు?" అంది. కప్పు కింద, చెట్టు కింద, గదిలో, గోడకు ఆనించి అని లెక్కపెట్టాను.

"బండ మీద?"

ఆ మాట నేను చెప్పలేదు. కడప బండ పొరలు పొరలుగా ఉండే రాయి. లోపల చెమ్మ ఉంటే, నిప్పు తగిలినప్పుడు పేలుతుంది. గనుల్లో పనిచేసేవాళ్లు అన్నం వండుకోవాలన్నా బండ మీద జానెడు మట్టి పోసి, ఆ మట్టి మీదే పొయ్యి పెడతారు. అది నేను పాలు తాగే వయసునుంచి చూసిందే.

"అది అందరికీ తెలిసిందే గదా పెద్దమ్మా" అన్నాను.

"నీకు ఎవురు చెప్పినారు?"

"మా నాయన."

"మీ నాయన బండల పనోడు, నీకు చెప్పినాడు. సుబ్బరాయుడికి ఏ నాయన చెప్పినాడు మే?"

మా వైపు ఇంటి నేల బండ, అరుగు బండ, దాబా ముందర పరిచింది బండ. ఇంత బండ మధ్య బతుకుతూ, బాన పెట్టేది బండ మీదేనని నాకు తట్టకపోవడం నా గుడ్డితనం తప్ప మరొకటి కాదు.

మరుసటి పొద్దున ఆమె ముందు బాషా ఇంటికి పోయింది. కాలు చూసి, కుట్లు విప్పేదాకా ఆస్పత్రికి తనే తీసుకుపోతానని చెప్పింది, చెప్పినట్టే చేసింది. అక్కడినుంచి నేరుగా దాబాకు నడిచింది. వెనక నేను. దాబా ముందర బాన చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. దాని నోటికింద, రోజూ కడిగే బండ మీద, బయటికి లాగిన నిప్పులు పడినచోట పళ్లెమంత గుంట పడి పెచ్చులు లేచి ఉన్నాయి.

"ఏమప్పా సుబ్బరాయుడా, యాడ పేలింది నా బాన? చూపీ" అంది.

"బాషా కాలు చూసినావు గదక్కా, ఇంగేం చూపియ్యాల?"

"కాలు చూసినా. ఇప్పుడు నువ్వు బాన చూడు." ఆయన చెయ్యి పట్టుకుని, వేలు మడిపించి బాన మీద కొట్టించింది. ఖంగుమంది. టీ తాగుతున్న లారీవాళ్లందరూ తల తిప్పారు. ఆమె గొంతు పెంచింది. "బాన పగల్లేదు, బండ పేలింది. తడిబండ మీద నిప్పులు పడితే పేలకుండా ఏం చేస్తాది? అయితే బండ మీద పెట్టొద్దని మేము చెప్పాల్సింది, చెప్పల్యా. ఆ తప్పు మాది."

సుబ్బరాయుడన్న నవ్వాడు. "తప్పు మాదేనని నువ్వే అంటాండావు. ఇంగ నేను చెప్పేదేముండాది?"

"చెప్పకపోయిన తప్పు మాది, మోస్తాం. పేలిందన్న పేరు మాది కాదు, మోయం. ఊరికి చెప్పింది నీ నోరు. మల్లా ఎనక్కి తీసుకోవాల్సింది కూడా నీ నోరే."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఆమె వెళ్లలేదు. బానను బండ మీదినుంచి మట్టినేల మీదికి దొర్లించి, కింద ఇటుకలు పేర్చి, ముందర ఇసుక పరిచి, తుమ్మకట్టెతో మంట వేసి దాని పక్కనే వీపు పెట్టుకుని కూర్చుంది. మరునాడు పొద్దున మళ్లీ వచ్చింది. ఆ మరునాడు కూడా. కొట్టు తెరవకుండా రోజూ అక్కడికే. నాకు సిగ్గుగా ఉండేది. "ఇంటికి పోదాం రా పెద్దమ్మా, నలుగురూ నవ్వుతాండారు" అంటే, "నవ్వనీ. నవ్వేటోళ్లు చలి కాచుకునేదానికి ఈడికే వస్తాండారు గదా" అంది. నిజమే, మంట చుట్టూ మనుషులు మెల్లగా పెరిగారు. సుబ్బరాయుడన్న మాత్రం మా వైపు చూసేవాడు కాదు. వద్దని తరమనూ లేదు.

పదో రోజో పదకొండో రోజో, కర్నూలు వైపునుంచి వచ్చిన ఒక డ్రైవరు చేతులు చాచబోయి ఆగి, "అన్నా, ఇది పేలిందంట గదా, పక్కన కూర్చోవచ్చా?" అని అడిగాడు. సుబ్బరాయుడన్న గ్లాసులు కడుగుతూ, తల ఎత్తకుండానే, "బాన కాదప్పా, బండ" అన్నాడు. మూడే ముక్కలు. పెద్దమ్మ కొంగు దులుపుకుని లేచింది. మళ్లీ ఆ దాబా వైపు పోలేదు. నెలలోపల వేంపల్లెవాళ్లు మళ్లీ వచ్చి, దింపిపోయిన బానలు ఎక్కించుకుపోయారు.

ఆ రోజు దారిలో నేను ఉండబట్టలేక అడిగాను. "చెప్పంది నేనని చెప్పుంటే నీకు ఇంత పాటు ఉండేది కాదు గదా పెద్దమ్మా?" ఆమె నడక ఆపకుండానే అంది, "బాగుండేటప్పుడు కుళ్లాయమ్మ బాన అంటారు. చెడేటప్పుడు హసీనా బాన అనేదానికి నేను ఒప్పుకోను." అప్పటినుంచి మా కొట్టులో 'తెలిసిందే గదా' అన్న మాట నిషేధం. బాన పెట్టే చోటు మా కళ్లతో చూడందే ఇచ్చేది లేదు. కుండలమ్మేవాళ్లు వచ్చి మా ఇల్లు తనిఖీ చేస్తారా అని తిట్టినవాళ్లున్నారు. తిట్లు పడ్డాం, చోటు చూశాం.

పోయిన నెల ఒకాయన కారులో వచ్చాడు. చుట్టూ అద్దాలు బిగించిన వరండాలో పెట్టుకుంటాడట. పొగ పోవడానికి మెడ ఉంది కదా అన్నాడు. మూసిన చోట ఆ మెడ చాలదు, నిద్రలోనే ప్రాణాలు పోతాయి, ఆరుబయటైతేనే ఇస్తానన్నాను. "అదంతా నాకు తెలిసిందేనమ్మా. అమ్మడం నీ పని, వాడుకోవడం నా పని" అని మనుషుల చేత బానను కారుకెత్తించాడు. నేను డిక్కీకి అడ్డం నిలబడి దింపించాను. నీ కొట్టు మూయిస్తానని అరిచి వెళ్లాడు. మూయించనీ.

ఒక్కటి మాత్రం ఇన్నాళ్లూ నా లోపలే ఉండిపోయింది. ఆ పొద్దున దాబా ముందర ఆమె 'మాది' అన్నప్పుడు నేను వెనక తల దించుకుని నిలబడ్డాను. నోరు ఎక్కువని పేరున్నదాన్ని, ఆ ఒక్కనాడే మూసుకున్నాను. బాషాకు, ఊరికి ఈనాటికీ తప్పు కుళ్లాయమ్మదే. ఆమె లేదు, ఆ మాట దిద్దుకునే వీలూ లేదు. అందుకే ఇది రాస్తున్నాను. బండ సంగతి చెప్పనిది కుళ్లాయమ్మ కాదు. నేను. బండల పని మస్తాన్ కూతురు హసీనాను.