రెండు పెళ్ళికార్డుల మందం

సునామీ నాడు పోర్ట్ బ్లెయిర్‌లో సముద్రాన్ని ఆపిన మనిషి ఎవరని బతు బస్తీ టీకొట్టు దగ్గర ఎవరినడిగినా తాతబ్బాయి పేరే చెబుతారు. చెప్పి పగలబడి నవ్వుతారు. ఆ సంగతి వాళ్ళకు చెప్పింది తాతబ్బాయే మరి. తూములో కుడికాలు అడ్డం పెట్టి నిలబడ్డాడట. సముద్రం వచ్చి, "ఎవరిదయ్యా ఈ కాలు?" అని అడిగిందట. "భీమిలి తాతబ్బాయిది" అనేసరికి, "అయితే మరో దారి చూసుకుంటాను" అని మర్యాదగా పక్కకు తిరిగిందట. నమ్మనివాళ్ళకు మోకాలి కింద మచ్చ చూపిస్తాడు. నిజానికది ఏడో తరగతిలో లెక్కల మాస్టారికి దొరక్కుండా బడిగోడ దూకినప్పటి మచ్చ. ఆ దూకడం దూకినవాడు మళ్ళీ గోడకు లోపలివైపు పోలేదు. తాపీ పట్టాడు, గొట్టాలు బిగించడం నేర్చాడు, ఇరవయ్యో ఏట ఓడెక్కి అండమాను చేరాడు.

సునామీ నాడు జరిగింది వేరు. ఆ ఆదివారం పొద్దున భూమి ఊగిన తర్వాత ఇంటి పక్క ఉప్పుటేరు ఖాళీ అయి, బురదలో చేపలు కొట్టుకుంటుంటే మనవాడు బుట్ట పట్టుకుని దిగాడు. భార్య తాతమ్మ గుట్ట మీదికి పోదాం రమ్మంది. "నానుండగా సముద్రం నిన్నేటి సేస్తాదే? పొయ్యి రాజెయ్యి, సేపలు తెస్తాను" అన్నాడు. ఆవిడ నమ్మి ఆగింది. నీళ్ళు వచ్చినప్పుడు అతను కొబ్బరిచెట్టు మీదున్నాడు. ఆవిడ మెడలోతు నీళ్ళలో కిటికీ ఊచలు పట్టుకుని వేలాడింది. ఎవరో తాడు విసిరి లాగారు. మూడు నెలలకు హాడో రేవులో విశాఖపట్నం ఓడెక్కుతూ, "నీ మాట నమ్మి ఓపాలి ములిగాను. బస్, ఇంక సాలు" అంది. మళ్ళీ రాలేదు. తూములో కాలుపెట్టిన కథ ఆ తర్వాత పుట్టిందే.

ఆ భూకంపానికి దీవిలో చాలాచోట్ల నేల దిగింది. దిగినచోటల్లా తాతబ్బాయికి పని దొరికింది. అన్నిటికన్నా ఎక్కువసార్లు పని దొరికింది డాలీగంజ్‌లో అబిగేలు ఇంట్లో.

అబిగేలు పెళ్ళి చేసుకోలేదు. ముప్ఫయ్యేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై ఒక్కతే ఉంటోంది. భూకంపం నాడు ఇనప బీరువా మీద పడి ఎడమ పాదం చచ్చుబడింది. పాదం ఎత్తలేదు, నేలమీద ఈడుస్తూ నడుస్తుంది. ఆ ఇంటి స్నానాలగది మట్టి పోసి పూడ్చిన నేల మీద కట్టింది కావడంతో, ఏడాదికి రెండుసార్లు వానలు పట్టినప్పుడల్లా లోపలి గచ్చు మొత్తంగా కాస్తంత కిందికి దిగేది. నీళ్ళు పోయే గొట్టం మాత్రం కిందున్న రాయిని పట్టుకుని కదిలేది కాదు. దాంతో గొట్టం మీది చిల్లుల మూత, జాలీ అంటారు దాన్ని, పసివాడికి కొత్తగా వస్తున్న పన్నులా గచ్చు మీదికి లేచేది. నీళ్ళు దాని చుట్టూ నిలిచేవి. ఆవిడ పాదం దానికి తగిలేది. ఆరునెలలకోసారి తాతబ్బాయి వచ్చి, గచ్చు పగలగొట్టి, గొట్టం కోసి, జాలీ దించి, సిమెంటు పూసి పోయేవాడు.

పని ఒక పూటదే. మనవాడు మూడు రోజులు చేసేవాడు. ఎందుకంటే ఆ ఇంట్లో అతని కథలకు ఎవరూ నవ్వరు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, జ్వరం చార్టు చూసినట్టు ముఖం పెట్టి ప్రశ్నలడిగేది.

"సముద్రం నీతో మాట్లాడిందన్నావు. పోటు మీదుందా, పాటు మీదుందా?"

"పోటే, సిస్టరమ్మా. పక్కా."

"పోటు మీదుంటే నీ కాలు కనపడదుగా? ఎవరి కాలని ఎట్లా అడిగింది?"

తాతబ్బాయి తాపీ పక్కన పెట్టి ఆలోచించేవాడు. బతు బస్తీలో అతని ఒంటరి గదిలో స్టవ్వు మీద అన్నం ఉడుకుతున్నంతసేపూ ఆ ప్రశ్నకు జవాబు అల్లుకునేవాడు. వచ్చే ఆరునెలల వరకు ఆ జవాబు చెప్పడానికి ఇంకెవరూ లేరు.

సునామీ అయిన ఆరో ఏడు, వానల్లో, పాదం జాలీ అంచుకు తగిలి అబిగేలు పడింది. మణికట్టు విరిగింది. కాకినాడ నుంచి తమ్ముడు జ్ఞానయ్య ఫోన్ చేశాడు. క్రిస్మస్‌కు వస్తానని, వచ్చి వెంటబెట్టుకుని పోతానని, ఇల్లు అమ్మేద్దామని.

"వాడు మంచివాడే" అంది అబిగేలు, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. "కానీ వాళ్ళింట్లో నేను ఒక మంచాన్ని. ఇక్కడైతే మనిషిని."

తాతబ్బాయి నోట్లోంచి, అలవాటు కొద్దీ, ఓ మాట దూకేసింది. "మీరెక్కడికీ ఎల్లొద్దు. గచ్చుతో బరాబర్‌గా ఉండి, గచ్చు దిగితే తనూ దిగే జాలీ నేను సేస్తాను."

"మళ్ళీ మొదలెట్టావా?"

"ఈపాలి కోతలు కాదమ్మా."

ఆవిడ నమ్మలేదు. గుమ్మం దాటాక అతనూ నమ్మలేదు.

నాలుగు రోజులు తిరిగాడు. హాడోలో పాత ఓడ సామాన్ల దుకాణం ముందు, విరిగిన డెక్కు చెక్క ఒకటి కనపడింది. దానికి ఇత్తడి మూతొకటి బిగించి ఉంది, నీళ్ళ ట్యాంకుది. నావికుల కాళ్ళకు తగలకుండా చెక్కతో సమానంగా పడుకుని ఉంది. పైన రెండు గుంటలు. పక్కనే దాని చావీ, రెండు పళ్ళున్న తాళంచెవి; దాన్ని ఆ గుంటల్లో పెట్టి తిప్పితే, సీసా మూతకుండేలాంటి మర మీద అది లేస్తుంది, దిగుతుంది. తాతబ్బాయి అక్కడే నేలమీద కూలబడి, ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా దాన్ని తిప్పుతూ కూర్చున్నాడు.

మూతనూ చావీనీ కొనుక్కుని పక్కవీధిలో మరలు కోసే లేత్ షాపు బంగారురాజు దగ్గరికి పోయాడు.

"దీనికి గొట్టంలాటి మెడ కావాలి భయ్యా, బయట మర. గొట్టానికి అతికే పట్టీ ఇంకోటి, లోపల మర. మూతకి సిల్లులు కొట్టు. మెడ పట్టీలో తిరిగితే జాలీ పైకీ కిందకీ పోవాల."

"అరే, ఈసారి సముద్రాన్ని పైకీ కిందకీ తిప్పుతావా ఏంటి?"

"నువ్వు మర కొయ్యి యార్. జోకులు నే ఏస్తాను."

బంగారురాజు కోసిచ్చాడు. తాతబ్బాయి దాన్ని తీసుకెళ్ళి, రసమట్టం పెట్టి, గచ్చుకూ జాలీకీ వెంట్రుకవాసి తేడా లేకుండా అమర్చాడు. రొమ్ము విరుచుకుని చెంబెడు నీళ్ళు పొయ్యమన్నాడు. అబిగేలు పోసింది. నీళ్ళు జాలీ చుట్టూ చేరి, లోపలికి పోదామా వద్దా అన్నట్టు అంచు మీద ఉబ్బి నిలబడ్డాయి.

"నీ జాలీని గౌరవిస్తున్నాయి" అందావిడ.

నీళ్ళు పోవాలంటే గచ్చు జాలీ వైపు కాస్త వాటంగా ఉండాలి, జాలీ గచ్చు అంచుకన్నా కాస్త కింద ఉండాలి. మరీ కింద ఉంటే పాదం అందులో చిక్కుతుంది. ఆ కాస్త ఎంత? తాతబ్బాయికి తెలిసిన కొలతలు అడుగూ అంగుళమూ, మరీ అవసరమైతే అంగుళంలో ఎనిమిదో వంతు, సూతు. ఇది సూతులో కూడా చిన్నది.

అబిగేలు లోపలికి పోయి ట్రంకుపెట్టె లాక్కొచ్చింది. నిండా పెళ్ళికార్డులు. ముప్ఫయ్యేళ్ళలో పోర్ట్ బ్లెయిర్ తెలుగు చర్చిలో జరిగిన ప్రతి పెళ్ళిదీ ఉంది. ఒక కార్డు నేలమీద పెట్టి, దానిమీదుగా ఎడమ పాదం ఈడ్చింది. తెలియలేదు. రెండు పెట్టింది. తెలియలేదు. మూడోది పెట్టగానే బొటనవేలు అంచుకు తగిలి ఆగింది.

"రెండు" అంది.

"ఇన్ని పెళ్ళిళ్ళకీ ఎల్లారా సిస్టరమ్మా?"

"డ్యూటీ లేనప్పుడు వెళ్ళాను. డ్యూటీ ఎప్పుడూ ఉండేది."

తాతబ్బాయి ఏదో ఒకటి అనబోయాడు. ఓ రాజుగారి పెళ్ళిలో పందిరంతా తన భుజం మీద నిలబడిన సంగతి నోటిదాకా వచ్చింది. ఆవిడ కార్డులు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుతోంది. అతను పై రెండు కార్డులు అడిగి జేబులో పెట్టుకుని, కొలతకు ఇవే చాలన్నాడు.

గచ్చుకు వాటం ఇచ్చి, జాలీని రెండు కార్డుల మందం దించి మళ్ళీ అమర్చాడు. నీళ్ళు మాట వినేశాయి. వారం తర్వాత చావీ పెట్టి తిప్పితే మెడ కదల్లేదు. సిమెంటు పాలు మరలోకి దిగి పట్టేశాయి. తాతబ్బాయి తనను తాను భీమిలి భాషలో తిట్టుకుంటూ మొత్తం పగలగొట్టాడు. మూడోసారి, మెడ చుట్టూ ఇత్తడి చట్రం ఒకటి పెట్టాడు. సిమెంటు పట్టుకున్నా చట్రాన్నే పట్టుకుంటుంది. చట్రానికీ మెడకీ మధ్య సైకిలు ట్యూబు ముక్క బిగించాడు, మర నిండా గ్రీజు పూశాడు. వారం ఆగాడు. చావీ పెట్టాడు. మెడ తిరిగింది.

ఈ సంగతి టీకొట్టులో చెబితే, సముద్రం కథకన్నా ఎక్కువ నవ్వారు.

"నేలతో పాటు దిగుద్దా? అయితే నా గ్లాసులో టీ దిగేకొద్దీ గ్లాసు కూడా దిగేట్టు చేసిపెట్టు గురూ!" అన్నాడు కొట్టు నూకయ్య.

తాతబ్బాయి కూడా నవ్వాడు. ఇన్నేళ్ళుగా ఆ బల్ల మీద కూర్చుని చెప్పినవాటిలో ఇదొక్కటే నిజమని చెప్పడం ఎలాగో అతనికి తెలియలేదు.

క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు జ్ఞానయ్య ఓడ దిగాడు. రైల్వేలో పట్టాలు తనిఖీ చేసి రిటైరైన మనిషి. దేన్నీ వంగి చూడకుండా ఒప్పుకోడు. ప్యాంటు మడిచి స్నానాలగదిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బకెట్ నీళ్ళు గుమ్మరించాడు. అరచేత్తో అంచు తడిమాడు. అక్కను నాలుగుసార్లు అటూ ఇటూ నడిపించాడు. పాదం జాలీ మీదుగా, ఏమీ లేనట్టు, జారిపోయింది.

"బాగా చేశావయ్యా" అన్నాడు. "కానీ వానల్లో గచ్చు మళ్ళీ దిగుతుంది. అప్పుడు?"

తాతబ్బాయి జేబులో చావీ మీద చెయ్యి వేశాడు. ఈ ప్రశ్న వస్తుందని అతనికి తెలుసు. దానికి జవాబు కూడా ఎప్పుడో సిద్ధం చేసుకున్నాడు. "నానున్నానుగదా. కబురెట్టగానే వచ్చి తిప్పుతాను. ఈ సావీ నా జేబులో తప్ప ఎక్కడుండదు."

"నువ్వు వేరే దీవిలో, రంగత్‌లో, పనిలో ఉంటే?"

"ఒచ్చేస్తాను."

"ఓడ లేకపోతే?"

"ఈదుకుంటూ ఒస్తాను."

జ్ఞానయ్య నవ్వలేదు. అక్క వైపు తిరిగి, "ఇదే నేను చెప్పేది. నీ కాలు ఇంకొకడి రాక మీద ఆధారపడి ఉంది. నువ్వు నాతో వచ్చెయ్యి" అన్నాడు.

అబిగేలు కట్టు విప్పిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని నిలబడింది. "నానుండగా" అన్న మాట తాతబ్బాయి చెవుల్లో మోగింది. ఆ మాట నమ్మి సునామీ పొద్దున ఒక మనిషి ఇంట్లో పొయ్యి రాజేస్తూ కూర్చుంది.

తాతబ్బాయి చావీ బయటికి తీశాడు. స్టూలు తెచ్చి జాలీ పక్కన వేశాడు.

"కూకోండి సిస్టరమ్మా. రెండు పళ్ళూ ఈ రెండు గుంటల్లో పెట్టండి. కుడికి తిప్పితే దిగుద్ది. పావు సుట్టు. జాలీ మీద ఈ రెండు కార్డులూ పెట్టి గచ్చుకి బరాబర్ అయ్యేట్టు సరిసూసుకోండి."

ఆవిడ కూర్చుంది, వంగింది, తిప్పింది. జాలీ దిగింది. ఎడమకు తిప్పింది. లేచింది. ముఖంలో, ఇంజెక్షను మొదటిసారి సరిగ్గా వేసిన నర్సు పిల్లకు ఉండేలాంటి వెలుగు వచ్చింది.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు తాతబ్బాయి. "ఇక నన్ను పిలవక్కర్లేదు."

జ్ఞానయ్య జనవరి మొదటి ఓడలో ఒక్కడే వెళ్ళాడు.

ఫిబ్రవరి పోయింది, ఎండలు పోయాయి, వానలు వచ్చాయి. డాలీగంజ్ నుంచి ఫోన్ రాలేదు. జూన్ చివర్లో ఒక సాయంత్రం తాతబ్బాయి పనిసంచీ భుజాన వేసుకుని, ఎవరూ పిలవకుండానే వెళ్ళి గేటు తట్టాడు. ఇంటి లోపల ఆడవాళ్ళ పాట వినపడుతోంది. అబిగేలు వాకిట్లోకి వచ్చింది.

"నీళ్ళు నిలుస్తున్నాయా సిస్టరమ్మా?"

"లేదయ్యా."

"గచ్చు దిగిందా?"

"రెండుసార్లు. నేనే తిప్పుకున్నాను."

"తిప్పడానికి గట్టిగా ఉందేటి?"

"వెన్నలా తిరుగుతోంది."

గ్రీజు కాస్త తక్కువ పూసి ఉండాల్సిందన్న ఆలోచన ఒకటి అతని బుర్రలోకి తొంగిచూసి, సిగ్గుపడి వెళ్ళిపోయింది.

"కుళాయి?"

"అదీ బాగానే ఉంది. మా ఇంట్లో ప్రార్థన జరుగుతోంది. లోపలికి రా, టీ తాగుదువుగాని."

లోపల పదిమంది ఉన్నారు. ఏ పనీ లేకుండా, చేతిలో తాపీ లేకుండా ఆ ఇంట్లో ఎలా కూర్చోవాలో అతనికి తెలియలేదు.

"లేదమ్మా, హాడోలో పెద్ద పనుంది. ఓడ కారతందట. కెప్టెన్ సొయంగా కబురెట్టాడు, తాతబ్బాయి వస్తేగానీ లంగరు తియ్యనని."

ఏ ఓడ, ఏ కెప్టెన్ అని అడుగుతుందని ఆగాడు.

"అయ్యో, అలాగా? నీ జాలీ చూశాక నిన్ను నమ్మకుండా ఎట్లా ఉంటాం" అంది అబిగేలు, నిజంగానే నమ్మి. "వెళ్ళు వెళ్ళు, వాళ్ళు ఎదురుచూస్తుంటారు. అదిగో, హాడో బస్సు కూడా వస్తోంది."

బస్సు వచ్చి ఆగింది. ఆవిడ గేటు దగ్గరే నిలబడి చూస్తోంది. తాతబ్బాయి తన గదికి పోయే బతు బస్తీ దారి వైపు ఒకసారి చూసి, ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, హాడోకు టికెట్ తీసుకున్నాడు.