పేరు పలకని కుల్పాష్ అక్క

మా పెద్ద తోడికోడలు కుల్పాష్ అక్క అత్తింటివాళ్ల పేరు ఒక్కటి కూడా నోటితో పలకదు. మా కజకుల ఇళ్లల్లో పాతకాలపు కోడళ్లందరికీ ఉన్న పట్టింపే అది. కాకపోతే మిగతావాళ్లు పేర్లతో ఆగారు, అక్క అర్థాల దాకా వెళ్లింది. మామగారు బేసెన్‌బై, అంటే గురువారం. మా ఆయన తెమిర్, అంటే ఇనుము. చచ్చినా ఆ మాటలు ఆవిడ నోట రావు. నేనైతే మామగారి పేరు కూడా గడగడా చెప్పేస్తాను. నాకు సిగ్గూ శరమూ లేవని అక్క అభిప్రాయం.

ఒకసారి నీరసంగా ఉందని ఆస్పత్రికి వెళ్లొచ్చింది.

"డాక్టరు ఏమన్నాడక్కా?"

"నా ఒంట్లో మీ ఆయన తక్కువట."

"ఏమిటీ?"

"మాత్రలు ఇచ్చాడులే. రెండు పూటలా మీ ఆయన్ని నీళ్లతో మింగమన్నాడు."

టీ తాగుతున్న మా ఆయనకు పొలమారింది.

ఇంకోసారి ఆవుకు జబ్బు చేస్తే పశువుల డాక్టరుకు కబురు పంపింది, "మా మామగారి రోజున రండి" అని. ఆయన అది వర్ధంతి అనుకుని పెళ్లాం పిల్లలతో, విషాద వదనంతో దిగబడ్డాడు. తలుపు తీసింది స్వయానా మామగారు. పాపం, ఆ డాక్టరుకే మంచినీళ్లు ఇవ్వాల్సి వచ్చింది.

అసలు చిక్కంతా కడగొట్టు మరిదితో. అతనికి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు పోయారు. ఈ బిడ్డకైనా దిష్టి తగలకూడదని మా అత్తగారు తెజెక్‌బై అని పెట్టారు. అంటే పిడక. మా మైదానాల్లో చలికాలమంతా పిడకల మీదే బతుకుతాం కదా, ఆ మాట లేకుండా పొద్దు గడవదు. అక్క పిడకను బంగారం అంది, మరిదిని బంగారు బాబు అంది. ఊరంతా అదే అందుకుంది. ఓ లారీ డ్రైవరు టీకి ఆగి, "కొట్టం వెనక బంగారం తడిసిపోతోంది, పట్టా కప్పండి" అని అక్క అరవడం విని, సాయంత్రం దాకా కదల్లేదు.

బాబుకు ముప్పై దాటాయి. మునుపొక సంబంధం, వాళ్లు పేరు విని నవ్వడంతోనే చెడింది. ఇప్పుడు పక్కూరి అక్‌బోపె, మావాడూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఆ పిల్లకూ అతను బంగారుగానే తెలుసు. "ఈసారీ నవ్వితే ఇక నాకు పెళ్లి మాట ఎత్తొద్దు వదినా" అన్నాడు నాతో, సంబంధం మాట్లాడడానికి వాళ్లింటికి బయల్దేరేముందు.

అందరం పళ్లేల చుట్టూ కూర్చున్నాం. పిల్ల మేనత్త నోరు ఊరుకోదు కదా.

"అబ్బాయి అసలు పేరేమిటమ్మా?"

"కోడల్ని, పలకకూడదు" అంది అక్క.

"అదేమిటే," అన్నారు మా అత్తగారు అమాయకంగా, "పేర్లు పలుక్కోమని నీకు ఎప్పుడో చెప్పేశాను కదా."

నేను తెల్లబోయాను. "మరి ఇన్నాళ్లూ ఈ అవస్థ ఎందుకక్కా?" అన్నాను ఆమె చెవిలో.

"వాడి పేరు పలికితే జనం నవ్వుతారు. అందరి పేర్లూ పలికి వాడిదొక్కటే మింగితే, ఆ పేరు బాగోలేదని నేనే చాటినట్టు కాదూ? పిల్లాడు చిన్నబుచ్చుకోడూ?"

ఎంత పిచ్చి మనిషి, ఎంత మంచి మనిషి.

గుసగుస అనుకున్నాం గానీ బాబు విననే విన్నాడు. తల ఎత్తి, "తెజెక్‌బై" అన్నాడు తనే. మేనత్త చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అప్పుడే ఊగుతున్నాయి. బాబు చెవులు ఎర్రబడ్డాయి.

అక్‌బోపె లేచి బకెట్ అందుకుంది.

"ఎక్కడికే?" అంది మేనత్త.

"పొయ్యి చల్లారింది. అవి తెస్తాను... అవే, ఎండబెట్టి కాల్చుకుంటామే."

"పిడకలా?"

"అవే అత్తా," అంది అక్‌బోపె, తలమీద గుడ్డ సర్దుకుంటూ. "ఇకనుంచి ఆ మాట నేను అనకూడదు."

మేనత్త నవ్వు ఆగిపోయింది. బాబు మొహం వెలిగిపోయింది. కుల్పాష్ అక్క నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"చూశావా, కోడలంటే అదీ. నువ్వూ ఉన్నావు, ఎందుకూ?"