లక్క రికార్డుకి పెట్టిన బొట్టు

మా అమ్మ మీద ఒట్టు, నా రెండు కళ్ళ మీద ఒట్టు, అప్పటికీ నమ్మకపోతే పోయిన నెలే కొత్త టైర్లు వేయించిన నా కారు మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. చేపలు పట్టడానికి వెళ్ళి మొసలికి ఆవకాయ ముద్ద తినిపించి వచ్చానని చెప్పినవాణ్ణి నేనే. అది వేరు, ఇది వేరు.

బెంటన్‌విల్‌లో మా పక్కింట్లో ఎనభై దాటిన అమెరికన్ పెద్దాయన ఒక్కడే ఉంటాడు. హైస్కూల్లో సంగీతం చెప్పి రిటైరయ్యాడు. యాభై రెండేళ్ళ నన్ను ‘కుర్రాడా’ అని పిలిచే మనిషి ఈ దేశంలో ఆయనొక్కడే. ఆయనకి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కిందటేడు కుడి చెవి నరం మీద గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలుస్తుంది, వినికిడి మాత్రం నిలవదన్నారు డాక్టర్లు. మూడు వారాల తరవాత డేట్ ఇచ్చారు.

డేట్ వచ్చిన సాయంత్రం ఆయన ఒక అట్ట కవరు రెండు చేతులా పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. లోపల ఒక నల్లటి పాత గ్రామఫోన్ రికార్డు ఉంది.

“మా అమ్మ” అన్నాడు.

పంతొమ్మిదేళ్ళ వయసులో ఆవిడ వయొలిన్ వాయించిన రికార్డట. మైకులు లేని రోజులు. పెద్ద బాకా ముందు నిలబెట్టి, కదలొద్దని చెప్పి, ఒకే ఒక్కసారి వాయించమన్నారట. వాయించింది మూడొందల ఏళ్ళ కిందటి ఒక జర్మన్ స్వరకర్త రాసిన నెమ్మదైన నాట్యగీతం. పక్క వాయిద్యం లేకుండా ఒక్క వయొలిన్ కోసమే రాసింది. రికార్డుకి ఒకే వైపు పాట. ఇంకో ప్రతి ఎక్కడా లేదు. ఆయన దగ్గరున్న గ్రామఫోన్ చెడిపోయి నలభై ఏళ్ళయింది.

“కుర్రాడా, నువ్వు కంప్యూటర్ల మనిషివి. మా అమ్మని ఇందులోంచి బయటికి తియ్యి. చెవి పోయేలోగా ఒక్కసారి వినాలి” అన్నాడు. తరవాత ఆయనే నవ్వాడు. “ఆ స్వరకర్తకి చివరి రోజుల్లో చూపు మందగిస్తే ఒక డాక్టరు రెండుసార్లు కోసి, ఉన్నది కాస్తా పోగొట్టాడు. ఆయనకి కళ్ళు, నాకు చెవి.”

నేను పెద్ద మొనగాడిలా గుండె మీద చెయ్యేసుకుని, “నాలుగు రోజుల్లో మీ అమ్మగారు మీ చెవిలో ఉంటారు” అన్నాను. ఆ పాత రికార్డులకి ముల్లు వేరే ఉంటుందట, లావుగా. మా ఇంట్లో ఉన్న రికార్డ్ ప్లేయర్‌కి అలాంటిది ఆర్డర్ చేశాను.

ముల్లు రాకముందే దసరా వచ్చింది.

మా ఇంట్లో ఆయుధపూజ అంటే కత్తులూ కటారులూ ఉండవు. హాల్లో దుప్పటి పరిచి లాప్‌టాప్, మిక్సీ, వాక్యూమ్ క్లీనర్, డ్రిల్లింగ్ మెషీన్ వరసగా పెట్టి గంధం, కుంకుమ పెడతాం. మా ఆవిడ పళ్ళెం పట్టుకుని లెక్క చూసుకుంటోంది.

“ఏవండీ, పక్కింటి తాతగారి రికార్డేదీ?”

“అది మనది కాదుగా.”

“వస్తువు మనది కాకపోతేనేం, పని మనదేగా. ఒక్క బొట్టు పెట్టండి, చేతిలో పని సాఫీగా అయిపోతుంది. లేబుల్ మీద మాత్రం వద్దు. వాళ్ళమ్మగారి పేరు ఎవరో చేత్తో రాశారు, చెరిగిపోతుంది.”

పేరు చెరగకూడదని లేబుల్ వదిలేశాను. చుట్టూ నల్లటి భాగం బోలెడంత ఉంది. ఒక్క బొట్టేం సరిపోతుందిలే అని మూడు పెట్టాను, తడి గంధం దండిగా తీసుకుని.

మర్నాడు ముల్లు వచ్చింది. అప్పటికి గంధం ఎండి, సన్నటి గీతల్లో సిమెంటులా బిగుసుకుపోయింది. లాప్‌టాప్ స్క్రీన్ తుడిచే రబ్బింగ్ ఆల్కహాల్ దూది మీద పోసి రుద్దాను. గంధం వచ్చేసింది. దాని వెనక నల్లగా కూడా వచ్చింది. నూరేళ్ళ మురికి కాబోలనుకుని సంబరపడ్డాను. ఎలాగూ మొదలుపెట్టాం కదా అని రికార్డంతా తుడిచాను. దూది తరవాత దూది, అన్నీ నల్లగా.

ఆ కాలపు రికార్డులు ప్లాస్టిక్కువి కావు. లక్కవి. మన లక్క గాజుల్లో ఉండే లక్కే. అది ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఈ సంగతి నాకు ఫోన్‌లో కనపడేసరికి రికార్డు కిటికీ వెలుతురులో అట్లపెనంలా నున్నగా మెరుస్తోంది. ముల్లు పెట్టాను. జర్రున జారి లేబుల్ దాకా పోయింది.

మా ఆవిడ దూది కుప్ప చూసి, “అబ్బో, మురికి బాగానే వచ్చిందే” అంది.

“మురికి కాదే. వాళ్ళమ్మ.”

ఆ రెండు వారాలూ అన్నం ఎలా తిన్నానో గుర్తులేదు. పాత వస్తువుల కొట్లన్నీ తిరిగాను. కనపడిన ప్రతి లైబ్రరీకీ మెయిల్ పెట్టాను. రోజూ ఆఫీస్ నించి వచ్చి కారు దిగేసరికి పెద్దాయన వరండాలో కుర్చీ వేసుకుని ఉండేవాడు.

“ఏమైంది, అమ్మ వచ్చిందా?”

“పాతది కదండీ, కన్వర్ట్ అవుతోంది” అని, ఇంకో ప్రశ్న రాకుండా ఆ స్వరకర్త కథలు ఎత్తుకునేవాణ్ణి. కుర్రతనంలో ఒక గొప్ప ఆర్గన్ విద్వాంసుణ్ణి వినడానికి ఆయన వందల మైళ్ళు నడిచి వెళ్ళాడన్నది నిజం. దారిలో తినడానికి, మా ఆవిడ ఈయనకి పంపేలాంటి పులిహోర పొట్లం కట్టుకెళ్ళాడన్నది నాది.

“జర్మనీలో చింతపండెక్కడిదోయ్?”

“పోర్చుగీసు ఓడల్లో వచ్చేదండీ.”

“నీ మొహం!” అని పడీ పడీ నవ్వేవాడు. మంచి చెవి నా వైపు తిప్పి వినేవాడు. ఆ చెవికి మిగిలిన రోజులు నేను ఇలా తినేస్తున్నానని నాకు తెలుసు. అయినా నోరు ఆగేది కాదు. ఆగితే నిజం చెప్పాలి.

ఆపరేషన్ నాలుగు రోజులుందనగా శాన్ రామన్‌లో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాను. నల్గొండవాడు, ఆడియో సాఫ్ట్‌వేర్‌లో పని.

“పరేషాన్ గాకన్నా. గా కాలంల అదే పీస్ ఇంకెవరో వాయించే ఉంటరు. ఆన్‌లైన్‌ల దొరుకుతది. జర స్లో చేస్త, గీతల సౌండ్ కలుపుత. ముసలాయనకి ఏం తెలుస్తది?”

“వాళ్ళమ్మరా.”

“అయితే పోయి నిజం చెప్పు. చెప్తవా?”

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

“చెప్పన్నా, చెప్తవా?”

“ఫైల్ ఎప్పుడు పంపుతావ్?” అన్నాను.

ఆపరేషన్‌కి ముందురోజు పొద్దున లాప్‌టాప్, హెడ్‌ఫోన్లు పట్టుకుని వెళ్ళాను. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పాట మొదలైంది. సగంలో ఆయన హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఈవిడెవరో చాలా బాగా వాయించింది. మా అమ్మ మాత్రం కాదు” అన్నాడు.

దసరా నించి దూది దాకా మొత్తం చెప్పేశాను. ఆయన హెడ్‌ఫోన్లు చుట్టి నా చేతికిచ్చాడు. తరవాత, “బొట్టు పెట్టారా మా అమ్మకి?” అని నవ్వాడు. “ఇన్నేళ్ళలో నువ్వు చెప్పిన మొదటి నిజం ఇదే కుర్రాడా” అని లేచి నన్ను కౌగిలించుకున్నాడు.

ఇక్కడ మీ మనసు తేలికపడి ఉంటే నన్ను మన్నించండి. హెడ్‌ఫోన్లు తీశాడన్న దగ్గర నించి కౌగిలింత దాకా నేను కల్పించిందే. మిగతాదంతా నిజం.

ఆయన హెడ్‌ఫోన్లు తియ్యలేదు. కళ్ళు మూసుకుని, “అమ్మే” అన్నాడు. అయిపోగానే మళ్ళీ పెట్టమన్నాడు. మధ్యాహ్నం దాకా పెడుతూనే ఉన్నాను. ముక్కూమొహం తెలియని మనిషెవరో వాయిస్తుంటే, “ఇదిగో, ఇక్కడ విను, ఇక్కడ ఎప్పుడూ కొంచెం ఆగేది” అని హెడ్‌ఫోన్లు ఒకవైపు నా చెవికి ఆనించాడు. నేను తలూపాను. “అవునండీ, ఆగింది” అన్నాను.

ప్రాణం నిలిచింది. వినికిడి పోయింది. ఇప్పుడు ఆయనతో ఏం చెప్పాలన్నా ఒళ్ళో పెట్టుకునే చిన్న తెల్ల బోర్డు మీద రాయాలి. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడిన నాకు, ఆ ఒక్క వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు. నిన్న కూడా మార్కరు నా చేతికిచ్చి, ఏదైనా చెప్పమన్నట్టు చూశాడు. రాయడం మొదలుపెట్టాను.

ఇవాళ ఎండ బాగా కాసింది, అని రాశాను.