ఏనుగు లేని వంటపాఠం

ఢిల్లీ పొలిమేరలో వైశాలి మెట్రో స్టేషను నుంచి పది నిమిషాలు నడిస్తే వచ్చే మూడో అంతస్తు ఫ్లాటు పెద్దిరాజుది. నాలుగేళ్ళలో ఆ గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికొచ్చినవాళ్ళు పధ్నాలుగు దేశాలవాళ్ళు. పెద్దిరాజు చెప్పే లెక్కలో ముప్ఫై. ఆ ముప్ఫైలో ఇప్పుడు లేని దేశాలు కూడా రెండు మూడు ఉండేవి.

వచ్చినవాళ్ళంతా వంట నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళే. తాజ్‌మహల్ చూడ్డానికి వచ్చి, ఢిల్లీలో ఒక పూట ఖాళీ దొరికితే ఎవరింట్లోనైనా కూర్చుని నాలుగు వంటలు నేర్చుకుందామనుకునేవాళ్ళు. పై అంతస్తులో ఉండే రవికిరణ్ అనే సాఫ్ట్‌వేరు ఉద్యోగి వీళ్ళ పేరు ఒక వెబ్‌సైటులో పెట్టాడు. నేర్పేది పెద్దిరాజు భార్య నాగేంద్రమ్మ. ఆవిడకి తెలుగు వచ్చు, కూరల బండివాడితో బేరమాడేంత హిందీ వచ్చు. ఇంగ్లీషు రాదు. పెద్దిరాజు నరసాపురంలో కాన్వెంటు చదువు చదివి, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ముప్ఫై ఆరేళ్ళు ఫైళ్ళు నడిపినవాడు. అందుకని ఆవిడ చెప్పింది ఇంగ్లీషులో అప్పజెప్పడం ఆయన పని.

ఆ పని ఆయన తనకు తోచినట్టు చేశాడు. నాగేంద్రమ్మ పోపులో ఇంగువ వెయ్యమంటే, ఆ ఇంగువ కోసం తన ముత్తాత కాబూలుదాకా నడిచివెళ్ళిన వైనం చెప్పేవాడు. చింతపండు నానబెట్టమంటే, చింతచెట్టు మీది దెయ్యం తమ ఇంటికి పెళ్ళి సంబంధం తెచ్చిన కథ ఎత్తుకునేవాడు. అన్నిటికన్నా పెద్దది పనసపొట్టు కూర కథ. ఆ కూర తన నాయనమ్మ కనిపెట్టిందట. ఆవిడ ఆవ నూరితే ఆ ఘాటుకి జమీందారుగారి ఏనుగు గొలుసు తెంపుకుని, ప్రహరీ పడగొట్టి, వంటింటి కిటికీలోంచి తొండం పెట్టి గుండిగ ఖాళీ చేసిందట. తరవాత ఆవ నెత్తికెక్కి మూడు రోజులు కన్నీళ్ళు పెట్టుకుందట. వచ్చినవాళ్ళు కడుపు చెక్కలయ్యేలా నవ్వేవారు. వెబ్‌సైటులో వాళ్ళు రాసే మెచ్చుకోళ్ళన్నిటిలో ఏనుగు ఉండేది. నాగేంద్రమ్మ పేరు కొన్నిటిలో ఉండేది.

పోయిన దీపావళికి ముందు ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అంతా అర్థమవుతుందనీ, తను చెప్పాలనుకున్న మాటే నోటికి గానీ రాతకి గానీ రాదనీ డాక్టరు చెప్పాడు. ఒక్క మాట మాత్రం మిగిలింది: ‘అదే.’ మంచినీళ్ళు కావాలన్నా అదే, కిటికీ వెయ్యమన్నా అదే. కాదంటే తల అడ్డంగా ఊపేది.

వంటకి చాందిని అనే అమ్మాయిని పెట్టుకున్నారు. బులంద్‌షహర్ పిల్ల, మంచిదే, కానీ ఆమె చేతిలో ప్రతి కూరా గరం మసాలా వేసుకుని వచ్చేది. నాగేంద్రమ్మ రెండు ముద్దలు తిని కంచం పక్కకి నెట్టేది. మార్చి నెలలో ఒకరోజు కింద బండి మీద లేత పనసకాయలు వచ్చాయి. చక్రాల కుర్చీలో కూర్చున్న నాగేంద్రమ్మ ఎడమచెయ్యి చాపి, “అదే” అంది. ఆ మాట అన్నిటికీ వాడే మాటే, కానీ ఈసారి అచ్చంగా అదే.

పెద్దిరాజు పనసకాయ కొన్నాడు. చేతులకి నూనె రాసుకుని, జిగురుతో పోట్లాడి, రెండు గంటలు కొట్టి పొట్టు చేశాడు. వందసార్లు పక్కన నిలబడి చూసిన కూర, రాకపోవడమేమిటన్న ధీమా. పొయ్యి మీద ఉడుకుతున్న కూరలో నూరిన ఆవ ముద్ద వేసి కలిపాడు. నాగేంద్రమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, ఉయ్యలేక ఆయన వంక చూసింది. ఆయన రుచి చూశాడు. చేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. పోర్చుగల్ దంపతులు ఇంటికెళ్ళాక ఆ కూర చేసుకుని, కొంచెం చేదుగా వచ్చింది, ఇది ఇంతేనా అని మెసేజు పెట్టారు. ఆ చేదే మా వంశం ప్రత్యేకత అని ఆయన జవాబిచ్చాడు.

రవికిరణ్ ఒక ఉపాయం చెప్పాడు. వచ్చినవాళ్ళందరూ ఫోనుల్లో వీడియోలు తీసుకున్నారు కదా అంకుల్, అడగండి, పంపిస్తారు అన్నాడు. పెద్దిరాజు వచ్చి వెళ్ళినవాళ్ళందరికీ రాశాడు. వారం తిరిగేలోగా తొమ్మిది వీడియోలు వచ్చాయి. అయినవాళ్ళు పలకరించినట్టు పలకరిస్తూ పంపారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన వాటిని టీవీలో పెట్టాడు. నాగేంద్రమ్మ పక్కనే కుర్చీలో ఉంది. తెరమీద ఆవిడ తిరుగుతోంది, రెండు చేతులతో, గాజులు చప్పుడు చేసుకుంటూ. కూర దగ్గరికి రాగానే ఆవిడ నోరు కదిలింది. “ఇక్కడ చెప్పండి వాళ్ళకి, ఆవ మాత్రం...” అంటుండగా దానిమీద పెద్దిరాజు గొంతు వచ్చి పడింది. ఏనుగు గొలుసు తెంపుకుంది. రెండో వీడియోలో ఏనుగు ప్రహరీ పడగొట్టింది. మూడోదాంట్లో నాగేంద్రమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని లాగింది కూడా. ఏనుగు ఆగలేదు. తొమ్మిది వీడియోల్లోనూ ఆవ కలిపే వేళకి ఆవిడ పెదవులు కదులుతున్నాయి, గది నిండా ఆయన ఇంగ్లీషు. తన గొంతు ఇంత పెద్దదని ఆయనకి అదివరకు తెలియదు.

ఆయన నాగేంద్రమ్మ వంక చూడకుండా టీవీ కట్టేశాడు.

మర్నాడు పదో వీడియో వచ్చింది. సహస్ర అనే అమ్మాయి మెల్‌బోర్న్ నుంచి పంపింది. అక్కడే పుట్టి పెరిగినా తెలుగు మాట్లాడుతుంది. ఆ అమ్మాయి వచ్చిన రోజు పెద్దిరాజు ఇంట్లో లేడు, శుక్లం ఆపరేషను తరవాత చూపించుకోవడానికి కళ్ళాసుపత్రికి వెళ్ళాడు. ఆ పిల్లకి తెలుగు వచ్చు కాబట్టి పర్లేదులే అనుకున్నారు.

ఆ వీడియోలో నాగేంద్రమ్మ గడగడా మాట్లాడుతోంది. నలభై రెండేళ్ళ కాపురంలో ఆవిడ అంతసేపు ఆపకుండా మాట్లాడగా ఆయన వినలేదు.

“పొయ్యి కట్టేసి, చెయ్యి పెడితే కాలనంత చల్లారాక కలపాలమ్మా ఆవ. వేడిమీద కలిపావో, చేదు. ఈ ముక్క ప్రతిసారీ ఈయనకి చెప్తాను, వాళ్ళకి చెప్పండీ అని. చెప్పరు. ఇప్పటికి ఎన్ని దేశాల్లో చేదుకూర తింటున్నారో పాపం.”

సహస్ర నవ్వింది. ఈ కూర అంకుల్‌గారి నాయనమ్మ కనిపెట్టారటగా, ఏదో ఏనుగు కూడా ఉందట, వెబ్‌సైటులో చదివాను అంది.

“ఏనుగూ లేదు, గాడిదా లేదు. వాళ్ళ నాయనమ్మకి పనసకాయ వాసనే పడేది కాదు. ఇది నాకు నేర్పింది సుభద్ర. పెళ్ళయిన కొత్తలో లక్ష్మీనగర్‌లో ఉండేవాళ్ళం. నాకు పంతొమ్మిదేళ్ళు, ఇక్కడి మాట రాదు, ఈయన పొద్దున్న పోతే చీకటిపడ్డాక రావడం. కింది వాటాలో సుభద్ర. రాజమండ్రి మనిషి. ఇద్దరం మేడమీద కూర్చుని పనసకాయ కొట్టేవాళ్ళం. ఆ పిల్లే లేకపోతే నేను ఆ యేడే రైలెక్కేసేదాన్ని, నిజం. రెండేళ్ళున్నారు. వాళ్ళాయనకి బదిలీ అయి వెళ్ళిపోయేరోజు, రిక్షా ఎక్కుతూ నన్ను పక్కకి పిలిచి ఒక మాట చెప్పింది. ఆ మాట పట్టుకునే బతికానమ్మా నేను ఈ ఊళ్ళో. ఏవందంటే...”

తలుపు చప్పుడు. నల్లకళ్ళద్దాలతో పెద్దిరాజు తెరమీదికి వచ్చాడు.

“ఏమ్మా, ఏనుగు సంగతి చెప్పిందా మా ఆవిడ? చెప్పలేదా? అయ్యో, అసలుది వదిలేసిందే. నువ్వుండవే నాగేంద్రం, నేను చెప్తాను.”

నాగేంద్రమ్మ నోరు మూసుకుంది. గరిటె తీసుకుని పొయ్యివైపు తిరిగింది. మిగతా వీడియో అంతా ఏనుగే.

పెద్దిరాజు వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. సుభద్ర అనే మనిషి ఆయనకి గుర్తు రాలేదు. కింది వాటాలో ఎవరో తెలుగువాళ్ళుండేవారని లీలగా జ్ఞాపకం, మెట్ల దగ్గర ఎదురైతే తప్పుకునే ఒక నీలం చీర, అంతే. తన కథల్లో దెయ్యాలకి కూడా పేర్లూ, ఇంటిపేర్లూ ఉండేవి. భార్య రెండేళ్ళు ఎవరిని పట్టుకుని బతికిందో, ఆ మనిషి మొహం తెలియదు.

సహస్రకి ఫోను చేశాడు. నేను లోపలికొచ్చాక గానీ, నేను బట్టలు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు గానీ, ఆవిడ ఆ మాట చెప్పిందా అమ్మా అని అడిగాడు.

“లేదంకుల్. తర్వాత మీరు ఎలిఫెంట్ స్టోరీ చెప్పారు కదా. చాలా ఫన్నీగా చెప్పారు. ఆంటీ ఇంక ఏం చెప్పలేదు. నేనూ అడగలేదు, సారీ.”

ఆ ఆదివారం మళ్ళీ పనసకాయ కొన్నాడు. ఈసారి పొయ్యి కట్టేసి, కూర పళ్ళెంలోకి తీసి, చెయ్యిపెట్టి చూసి, అప్పుడు ఆవ కలిపాడు. కలుపుతున్నంతసేపూ నోరు మెదపలేదు. వంటింట్లో గిన్నెలు తోముతున్న చాందిని, అంకుల్‌కి ఒంట్లో బాగాలేదా అని హిందీలో అడిగింది.

నాగేంద్రమ్మ మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకుంది. రెండో ముద్దకి ఎడమచేత్తో ఉప్పు గిన్నె చూపించింది. ఆయన ఉప్పు వేశాడు. కంచం ఖాళీ అయింది. పక్షవాతం వచ్చాక అదే మొదటిసారి.

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

“నాగేంద్రం, ఈ కూర నీకు సుభద్ర నేర్పింది. కింది వాటా. రాజమండ్రి మనిషి.”

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. తల నిలువుగా ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ నవ్వుతోంది.

“మేడమీద కూర్చుని కొట్టేవారు ఇద్దరూ. ఆవిడ వెళ్ళిపోయేరోజు రిక్షా ఎక్కుతూ నీతో ఒక మాట అంది.”

“అదే,” అంది నాగేంద్రమ్మ ఆత్రంగా. ఎడమచెయ్యి ఆయన మణికట్టు పట్టుకుంది.

“ఉత్తరాలు రాయమందా?”

కాదు.

“ధైర్యంగా ఉండమందా? మీ ఆయన మంచివాడే, సర్దుకుపొమ్మందా?”

నాగేంద్రమ్మ ముక్కులోంచి చిన్న నవ్వు వచ్చింది. కాదు.

వెళ్ళే ఊరు చెప్పిందా, ఏదైనా రహస్యం చెప్పిందా, తిట్టిందా, ఒట్టు వేయించుకుందా. ఆయన అడుగుతూ పోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపుతూ పోయింది. “అదే, అదే” అంటూ పెదవులు ఏదో ఆకారం కట్టబోయి, కట్టలేక, జారిపోయాయి. చివరికి ఆవిడే అలిసిపోయి ఆయన చెయ్యి వదిలేసింది.

అప్పటినుంచి రోజూ భోజనం దగ్గర ఆయన ఒకటో రెండో అడుగుతాడు. తన కథల్లో చెరువులో మొసలిచేత కూడా సంస్కృతం చెప్పించినవాడు, ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషితో రిక్షా దగ్గర అన్న నాలుగు మాటలు అల్లలేక, ముందురోజే ఆలోచించి కాగితం మీద రాసుకుని వస్తాడు. కాగితాలు రెండు నిండాయి. నాగేంద్రమ్మ ఒక్కొక్కటీ ఓపిగ్గా వింటుంది. తల అడ్డంగా ఊపుతుంది.

నిన్న రవికిరణ్ వచ్చి, కూర రుచి చూసి, అంకుల్, ఆ ఏనుగు కథ మా చెల్లెలికి ఫోనులో ఒకసారి చెప్పండి అన్నాడు. పెద్దిరాజు నాగేంద్రమ్మ వంక చూశాడు. ఆవిడ పెదవులు కదుల్తున్నాయి.

“ఉండవయ్యా,” అన్నాడాయన. “మా ఆవిడేదో చెబుతోంది.”

“అదే,” అంది నాగేంద్రమ్మ.